అమ్మ అడుగులున్న ముఖం

ఆటోనగర్‌లో సూర్యకళ పనిచేసే బోల్టుల ఫ్యాక్టరీ గేటు దగ్గర కిందటేడు ఒక మిషను బిగించారు. లోపలికి వెళ్ళేవాళ్ళు దాని ముందు నిలబడి ముఖం చూపించాలి. ముఖం గుర్తుపడితే పచ్చదీపం వెలుగుతుంది. అది వచ్చేవరకూ సూర్యకళకు తన ముఖంతో పెద్దగా పరిచయం లేదు. మల్కాపురంలో వాళ్ళింట్లో ఉన్న అద్దం అరచేయంత. బొట్టు పెట్టుకోవడానికి నుదురు కనిపిస్తే చాలు, మిగతా ముఖంతో పనిలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే, వెనక పదిమంది నిలబడి ఉండగా, బుగ్గల మీది గుంటలతో సహా తన ముఖం దాని తెర మీద పళ్ళెమంత అయి ఎదురుగా నిలబడేది.

ఆ గుంటలు పదహారో ఏట మొటిమలు గిల్లుకోగా మిగిలినవి. వయసులో ఉన్నప్పుడు బుగ్గలు నిండుగా ఉండి అంతగా తెలిసేవి కావు. నలభై దాటాక చర్మం వదులైంది. ఒక గుంట పక్క గుంటతో కలిసింది. వాన వెలిశాక సముద్రపు ఇసుక మీద చినుకుల గుర్తులు ఎలా ఉంటాయో అలా ఉండేవి.

"బేగి కదలే సూరీ! మెసీనుకి నీ మీద మోజు పుట్టినాదేటి, ఒదల్దు?" అని వెనకనుంచి చిట్టమ్మ అరిచేది. చిట్టమ్మ పక్క బల్ల మీద బోల్టులు పెట్టెల్లో సర్దే మనిషి. నోరు దురుసు, చెయ్యి మెత్తన. తన క్యారేజీలో చేపల పులుసు ఉంటే మొదటి ముక్క సూర్యకళకే.

ఒకరోజు సాయంత్రం గాజువాకలో బస్సెక్కితే, కాలేజీ పిల్ల ఒకతె లేచి నిలబడి, "మామ్మగారూ, ఇలా కూర్చోండి" అంది. మంచి పిల్ల. తన సంచీ ఒళ్ళో పెట్టుకోమని కూడా అడగకుండా భుజానికే తగిలించుకుని నిలబడింది. కాళ్ళు లాగుతున్నాయి గనుక సూర్యకళ కూర్చుంది. కానీ మల్కాపురం వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉండిపోయింది. కోపగించుకోవడానికి వీల్లేని మాట ఎంత లోతుకు దిగుతుందో ఆమెకు ఆ రోజు తెలిసింది.

భర్త తిరుమలరావు పోర్టులో బొగ్గు లారీల మీద టార్పాలిన్లు కట్టే పని చేస్తాడు. ఆ మాట విని నవ్వాడు.

"నిన్ను మామ్మ అంటే నన్ను తాత అంటారు గావాల. మంచిదే గదే, బస్సులో ఇద్దరికీ సీటు దొరుకుద్ది."

తర్వాత ఆమె కళ్ళు చూసి నవ్వు ఆపేశాడు. "సరేలే. గాజువాకలో తోలు డాక్టరమ్మ ఉన్నాదంట గదా, ఎల్దాం. మరి అమ్మకేటి సెప్తావు?"

అక్కడ ఇద్దరి గొంతులూ తగ్గిపోయాయి.

తిరుమలరావు తల్లి సన్యాసమ్మకు డెబ్బై దాటాయి. ఆమె పుట్టిల్లు పద్మనాభం అవతల పల్లె. చిన్నప్పుడు ఆ ఊరికి మశూచి, అదే పెద్దమ్మవారు, వచ్చి ఎన్నో ఇళ్ళలో పిల్లల్ని తీసుకుపోయింది. వాళ్ళింట్లోనూ ఒక చెల్లెలు పోయింది. సన్యాసమ్మ బతికింది. మెడ కింద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. కొడుక్కి పెళ్ళిచూపులకు వెళ్ళిన రోజు ఆమె సూర్యకళ గడ్డం పట్టుకుని, బుగ్గల మీద గుంటలను ఒక్కొక్కటే వేలితో తడిమి, "అమ్మ అడుగులున్న పిల్ల. ఈ గుంటని మాకే ఇచ్చీండి" అంది. వాళ్ళ పల్లెలో ఆడపిల్లను గుంట అనే అంటారు. సూర్యకళ తల్లి ఏదో చెప్పబోయి నోరు మూసుకుంది. కుదిరిన సంబంధం ముందు, అవి మొటిమల గుర్తులండీ అని ఏ తల్లి చెబుతుంది? సూర్యకళ తలవంచుకుని కూర్చుంది. ఆ తర్వాత చెప్పడానికి సమయమే రాలేదు. ప్రతి ఏడూ నూకాలమ్మ పండగనాడు సన్యాసమ్మ మొదటి పసుపు కోడలి బుగ్గలకే రాసేది. తర్వాతే గడపకు.

అందువల్ల ఆ గుంటలను పూడ్పించుకోవడమంటే సూర్యకళకు ఒంటికి సంబంధించిన పనిలా తోచలేదు. అమ్మవారు నడిచిన దారిని చెరిపేయబోతున్నట్టు భయం వేసింది. అవి అమ్మ అడుగులు కావని తెలిసి కూడా భయం తగ్గలేదు. పాతికేళ్ళుగా పసుపు పూయించుకున్న గుంటలు అవి.

శుక్రవారం సెలవు పెట్టి వెళ్ళింది. డాక్టరమ్మ చిన్న వయసుది, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ముఖానికి తెల్లటి లేపనం పూసి కూర్చోబెట్టారు. కాసేపటికి బుగ్గలు మొద్దుబారిపోయాయి. వేలితో తడుముకుంటే ఎవరి ముఖాన్నో తాకినట్టుంది. సూర్యకళకు ఏడుపొచ్చింది, ఏడిస్తే లేపనం కరుగుతుందేమోనని అదీ భయమే. పెన్నులాంటి యంత్రం కందిరీగలా రొదచేస్తూ నుదుటి నుంచి దిగింది. దాని కొసన సన్నని సూదులున్నాయట. వదులైన చర్మం మళ్ళీ బిగుసుకోవడానికట. ఆమె కళ్ళు మూసుకుని "తల్లీ నూకాలమ్మా, నన్నొగ్గీకు, ఒదిలీకు" అని లోపల్లోపలే అనుకుంటూ ఉంది.

తర్వాత డాక్టరమ్మ సన్నటి పుల్లతో ఒక్కో గుంటలో ఒక్కో చుక్క మందు అద్దింది. నిప్పురవ్వ పడినట్టు చుర్రుమంది. నర్సు పుష్ప పక్కనే నిలబడి తన చెయ్యి అందించింది.

"గట్టిగా పట్టుకోండమ్మా. గోళ్ళు దిగినా పర్లేదు, నాకలవాటే."

గోళ్ళు నిజంగానే దిగాయి. పుష్ప చెయ్యి తీయలేదు.

చివరికి డాక్టరమ్మ అద్దం చూపించింది. బుగ్గల నిండా తెల్లని చుక్కలు, ముగ్గు వేయబోయి మానేసినట్టు.

"రేపటికి ఇవి నల్లబడి పెచ్చు కడతాయి. గిల్లకూడదు. ఎండ తగలకూడదు. ఈ ఆయింట్‌మెంటు తప్ప ఏదీ రాయకూడదు. పసుపు, సెనగపిండి, వేపాకు, ఏదీ వద్దు. అడుగున వచ్చేది పసిపిల్ల చర్మంలాంటిది. ఇప్పుడు మాట వినకపోతే, ఉన్న మచ్చలకంటే నల్లటి మచ్చలు పడతాయి. అవి పోవడం చాలా కష్టం. తెలిసిందా?"

తెలిసింది. ఇంటికి తెచ్చిన ఆటోడ్రైవరు, పైట ముసుగు చూసి ఏమీ అడగకుండానే దిగి, ఎండ వచ్చే వైపు పరదా కిందికి దించి కట్టాడు. ఇలాంటి మనుషుల వల్లే లోకం నడుస్తోందనుకుంది సూర్యకళ. కానీ డాక్టరమ్మ చెప్పిన ఆ చివరి మాట మల్కాపురం దాకా చెవిలో మోగుతూనే ఉంది.

అత్తకు చెప్పడానికి ఒక అబద్ధం సిద్ధం చేసుకుంది. ఫ్యాక్టరీలో వేడినూనె చిట్లిందని. ఆ సాయంత్రం తలనొప్పి వంక పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లవారి సన్యాసమ్మ టీగ్లాసుతో వచ్చి కోడలి ముసుగు తీసి చూసింది. శుక్లాలున్న కళ్ళు. ముఖం దగ్గరికి వంగింది. బుగ్గల మీద, నుదుటి పక్కన, నల్లగా పెచ్చు కట్టిన పొక్కులు.

టీగ్లాసు కింద పెట్టి రెండు చేతులూ జోడించింది.

"ఓలమ్మో! తల్లి వచ్చినాది!"

సూర్యకళ నోరు తెరిచింది. నూనె, ఫ్యాక్టరీ అన్న మాటలు గొంతు దాకా వచ్చాయి. ముసలామె అప్పటికే కింద కూలబడి, కోడలి కాళ్ళకు నుదురు ఆనించి దండం పెడుతోంది. కోడలికి కాదు, కోడలి మీదికి వచ్చిన అమ్మకు. ఆ దండం ముందు అబద్ధం రాలేదు, నిజమూ రాలేదు.

"ఒళ్ళు కూడా కాల్లేదు. సల్లని తల్లి, సల్లగా సూసినాది" అని కళ్ళొత్తుకుంటూ లేచి వెళ్ళింది సన్యాసమ్మ.

గంటలో గుమ్మానికి వేపమండలు కట్టారు. పొయ్యి మీద తాళింపు ఆగిపోయింది. తిరుమలరావు గెడ్డం గీసుకోవడం మానాలి. ఇంట్లోకి వచ్చేవాళ్ళు వీధిలోనే కాళ్ళు కడుక్కోవాలి. పక్కింటి సూర్యకాంతమ్మ గోడ మీదుగా తొంగిచూసి, "నూనె వాసన మీ వైపు రాకూడదు గదా పిన్నీ, నానూ పొయ్యి మీద బాణలెట్టను" అంది. చేపల వేపుడు లేనిదే ముద్ద దిగని ఇల్లు అది. ఎవరో కొబ్బరిబొండాలు తెచ్చి గుమ్మం పక్కన పెట్టి, పిలవకుండానే వెళ్ళిపోయారు. చిట్టమ్మ మజ్జిగ పంపి, "మెసీను నీ మీద బెంగెట్టుకున్నాదని సెప్పమన్నాది" అని కబురు కూడా పంపింది.

వాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో మంచిపని చేసినప్పుడల్లా సూర్యకళ ముసుగు ఇంకాస్త పైకి లాక్కునేది. పగలంతా సన్యాసమ్మ మంచం పక్కనే చాప మీద కూర్చుని వేపకొమ్మతో విసిరేది. విసురుతూ విసురుతూ కునుకు తీసేది, ఉలిక్కిపడి మళ్ళీ విసిరేది. ఆమె అటు తిరిగినప్పుడు దొంగలా ఆయింట్‌మెంటు రాసుకునేది సూర్యకళ. అమ్మ పేరు చెప్పుకుని పడుకున్నాను, అమ్మ ఊరుకుంటుందా? ఈసారి నిజంగానే వస్తే? రోజూ పొద్దున్నే స్నానాల గదిలో చేతులూ పొట్టా తడుముకుని చూసుకునేది, నిజం పొక్కు ఏదైనా లేచిందేమోనని. చెమటకాయ కనిపించినా వెలుతురుకు తిప్పి తిప్పి చూసేది.

"సెప్పీయే" అన్నాడు తిరుమలరావు గుసగుసగా.

"నువ్వు సెప్పు మావా. నీకు కన్నతల్లి గదా."

"సరే, నాన్సెప్తాను." వాకిట్లోకి వెళ్ళాడు. "అమ్మా..."

"ఏట్రా?"

అతను కుండవైపు చూశాడు. "మంచినీల్లియ్యి" అన్నాడు. తాగి, డ్యూటీకి పోయాడు.

బుధవారం సాయంత్రం సన్యాసమ్మ పెచ్చుల వైపు పరీక్షగా చూసి, "ఎండినాయి. రేపు నీల్లు పోసీదాం" అంది. అమ్మవారు దిగిపోయేటప్పుడు చేసే స్నానం అది. వేపాకు వేసిన నీళ్ళ గంగాళం ఎండలో పెట్టి, ముఖానికీ ఒంటికీ పసుపూ వేపాకూ కలిపి నూరిన ముద్ద పట్టించి, ఎండలోనే కూర్చోబెట్టి, ఆ వెచ్చబడిన నీళ్ళు పోస్తారు. సూర్యకళ దిండు కింది ఫోను తీసుకుంది. స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో పుష్పకు ఫోను చేసింది.

"పసుపు రాత్తే ఏటవుద్దమ్మా?"

"వద్దమ్మా, అస్సలొద్దు! ఎండలో కూడా కూర్చోకండి. పెచ్చులు ఊడకముందే రుద్దితే పుండవుద్ది. నల్లగా ఉండిపోద్ది. ఇంట్లో చెప్పలేదేటి?"

"సెప్పలేనమ్మా."

పుష్ప గొంతు తగ్గించింది. "మా అమ్మా అంతే, అమ్మోరంటే వణికిపోద్ది. అయినా చెప్పీండమ్మా. ఎలాగైనా చెప్పీండి."

గురువారం పొద్దున్న సన్యాసమ్మ ఏమీ తినలేదు. పెరట్లో గంగాళం పెట్టింది. మిక్సీ పనికిరాదని రోలు కడిగి, తనే నూరింది. పసుపుకొమ్ములు ఒక్కొక్కటీ నలిగే చప్పుడు వంటింట్లోకి వినిపిస్తుంటే, సూర్యకళ ఆ చప్పుడు ఆగకూడదని మొక్కుకుంది. ఆగిపోయింది.

"రాయే అమ్మీ. పీటేసినాను."

పెరటి గుమ్మం దగ్గర ఎండ సరిగ్గా మెట్టు మీద ఆగి ఉంది. సూర్యకళ నీడవైపే నిలబడింది. సన్యాసమ్మ పళ్ళెంలో పచ్చగా, ఆకుపచ్చగా ముద్ద పట్టుకుని తానే దగ్గరికి వచ్చింది. పెదవులు ఏదో అంటున్నాయి, అమ్మను సాగనంపే మాటలు. వేళ్ళకు ముద్ద తీసుకుని చెయ్యి ఎత్తింది. పాతికేళ్ళుగా ఆ బుగ్గలను తడిమిన చెయ్యే.

సూర్యకళ ఆ చెయ్యి మణికట్టు దగ్గర పట్టేసుకుంది.

"ఒద్దత్తా."

"భయమెందుకే? మంట పుట్టదు, సల్లగుంటాది."

"ఒద్దు. ఇది అమ్మోరు కాదు."

ముసలామె అర్థంకానట్టు చూసింది. పట్టుకున్న చెయ్యి వదిలితే మాట ఆగిపోతుందన్న భయంతో సూర్యకళ వదలకుండానే అంతా చెప్పేసింది. గేటు దగ్గర మిషను, బస్సులో పిల్ల, సూదులు, పుల్లతో అద్దిన మందు. ఆపలేక, అడగని నిజం కూడా చెప్పేసింది. "పాతయీ అమ్మోరు కాదత్తా. మొటిమలు. నానే గిల్లీసుకున్నాను. మా యమ్మ సెప్పనేదు, నానూ సెప్పనేదు."

గోడ అవతల సూర్యకాంతమ్మ బట్టలు దులపడం ఆగిపోయింది.

సన్యాసమ్మ మెల్లగా చెయ్యి విడిపించుకుంది. తిట్టి ఉంటే సూర్యకళకు ప్రాణం కుదుటపడేది. పళ్ళెం పట్టుకుని, తలమీద గుడ్డయినా వేసుకోకుండా, ఆ ఎండలో పెరటి తలుపు తీసుకుని నూకాలమ్మ గుడివైపు నడిచింది. పొద్దుటినుంచి ఏమీ తినని మనిషి. కాళ్ళు సరిగ్గా పడని మనిషి.

"అత్తా!" అని మెట్టు మీదికి ఒక అడుగు వేసింది సూర్యకళ. ఎండ నుదుటికి తగిలింది. వెనక్కి లాక్కుంది. ఆ క్షణంలో కూడా ముఖం గురించే భయపడినందుకు తనంటే తనకే భయం వేసింది. మళ్ళీ పైట మొత్తం ముఖానికి చుట్టుకుని దిగబోతుంటే, గోడ అవతలనుంచి కేక.

"నువ్వాగే సూరీ, పాడుసేసుకోకు! నానెల్తాను పిన్నెనక!" సూర్యకాంతమ్మ గొడుగు తెరుచుకుంటూనే పరుగెత్తింది.

సూర్యకళ గుమ్మానికి వీపు ఆనించి నిలబడింది. ఆమెకు తెలిసిన మొక్కులన్నీ అయిపోయాయి. అత్త దారిలో పడిపోయిందని ఒకసారి, అమ్మ ఎదుట నిలబడి నన్ను శపిస్తోందని ఒకసారి, ఇంక ఈ ఇంటికే రాదని ఒకసారి అనిపించింది. వేపమండలు గాలికి కదిలినా ఉలిక్కిపడింది. నీడ మెట్టు దాటి పీట దాకా జరిగింది.

చివరికి గొడుగు కనిపించింది. దానికింద ఇద్దరు. పళ్ళెం ఖాళీగా ఉంది.

సన్యాసమ్మ గంగాళంలో నీళ్ళు ముంచి కాళ్ళు కడుక్కుంది, చేతులు కడుక్కుంది. పీట మీద కూర్చుంది. కోడలివైపు చూడకుండానే మాట్లాడింది.

"నూరినది పారబోయకూడదు గదా. అమ్మకే పూసీసినాను. సెప్పినాను. గుంట భయపడిపోనాది, కోప్పడకు తల్లీ అని."

సూర్యకళ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది.

"మా సెల్లికి మచ్చలు లేవే" అంది సన్యాసమ్మ. "మచ్చ పడేదాక బతకనేదు. పెచ్చు కట్టకుండానే ఎల్లిపోనాది. నాకు పడ్డాయి, నాను బతికినాను. మచ్చలుంటే మనిషి బతికీసినట్టే అని నాకు... అందుకే నిన్ను సూడగానే పట్టుకున్నాను. ఈ పిల్లని అమ్మ ఒకసారి ఒగ్గీసినాది, ఇంక తీసుకెల్దు అనుకున్నాను." కోడలి బుగ్గవైపు తిరిగింది. "మొటిమలా?"

"మొటిమలే అత్తా."

"ఓసోసి!" అంది. అది కోపమో నవ్వో తెలియలేదు. ముక్కు చీదుకుని, పైటతో తుడుచుకుంది. "ఆ డాక్టరమ్మిచ్చిన మందేదే, తే. నువ్వు రాసుకుంటే సగం సోట్ల అంటదు. నానెరగనేటి, దొంగసాటుగా రాసుకుంటన్నావు, దిండుకే ఎక్కువంటినాది."

మూడుసార్లు కడిగినా ఆ వేళ్ళకు వేపాకు వాసన పోలేదు. కొసవేలితో, పెచ్చు కదలకుండా, ఒక్కో గుంటకూ రాసింది. ఏది ఎక్కడుందో ఆమెకు చూడకుండానే తెలుసు.

సూర్యకాంతమ్మ గొడుగు మడుస్తూ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "అయితే పిన్నీ, రేపట్నించి సేపలు యేపుకోవచ్చునా? మా యింట్లో మగోడు నాకేసి అదోలాగ సూత్తన్నాడు."

వీధిలో ఎవరూ ఆ సంగతి ఎత్తి దెప్పలేదు. కొబ్బరిబొండాలు తెచ్చినవాళ్ళు ఎవరో ఇప్పటికీ తెలియదు.

పెచ్చులు వాటంతటవే రాలాక సూర్యకళ పనిలోకి వెళ్ళింది. అడుగున చర్మం లేతగా, గులాబీరంగులో ఉంది. గుంటలు కొంచెం పూడాయి. పోలేదు. మరో రెండు మూడు సార్లు రావాలని డాక్టరమ్మ ముందే చెప్పింది. గేటు దగ్గర మిషను ముందు నిలబడితే గుర్తుపడుతుందో పట్టదోననుకుంది. వెంటనే పచ్చదీపం వెలిగింది.

"సూసినావా, ఇన్ని పాట్లు పడ్డావు, దానికేటీ తేడా తెలీనేదు!" అంది చిట్టమ్మ. అని, ఆమె గడ్డం పట్టుకుని తిప్పి చూసి, "నాకు తెలిసినాదిలే" అంది.

రెండోసారి గాజువాక వెళ్ళేటప్పుడు సన్యాసమ్మ కూడా చీర మార్చుకుని బయల్దేరింది. ఆటోలో పరదా తనే పట్టుకుని కూర్చుంది. తెల్ల లేపనం పూసిన కోడలి ముఖం చూసి ఆమె కాళ్ళవైపు కూర్చుంది. యంత్రం రొద మొదలవగానే కోడలి పాదాలు రెండూ ఒళ్ళోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది. ఎవరు వణుకుతున్నారో, ఎవరు పట్టుకున్నారో తెలియలేదు. సూర్యకళ కళ్ళు మూసుకుని "తల్లీ" అంది. కాళ్ళ దగ్గరనుంచి "తల్లీ" అని మరో గొంతు వినిపించింది.

డాక్టరమ్మ పుల్ల అందుకుంటుంటే ముసలామె లేచి నిలబడింది.

"అమ్మా, నీకు దండమెడతాను. ఆ ఎడం బుగ్గ మీద, సెవి పక్కని, ఒకటున్నాది సూడు. దాన్నొగ్గీ, ఒక్కటుండనీ. మిగతాయి నీ ఇష్టం."

డాక్టరమ్మ సూర్యకళవైపు చూసింది. లేపనానికి మొద్దుబారిన పెదవులతో, "ఒగ్గీండమ్మా" అంది సూర్యకళ.